బాలాపూర్ శరణార్థులూ రేపటి మహమ్మారీ

సంపాదకులకు నమస్కారం.

కోవిడ్ టీకా కోసం ప్రభుత్వ వెబ్‌సైటు కోవిన్‌లో పేరు నమోదు చేసుకోవడానికి 2021 తొలి నెలల్లో ఆధార్, పాన్, పాస్‌పోర్టు వంటి ఏడు రకాల గుర్తింపు కార్డులనే అంగీకరించారు. హైదరాబాద్ శివారు బాలాపూర్‌లో అద్దె స్థలాల్లో టార్పాలిన్ గుడిసెలు వేసుకుని బతుకుతున్న, మయన్మార్ నుంచి వచ్చిన రోహింగ్యాల చేతిలో ఉండే ఐక్యరాజ్యసమితి శరణార్థి కార్డుకు ఆ జాబితాలో చోటు లేదు. కార్డులు లేనివారికీ టీకా వేయాలని కేంద్ర ఆరోగ్యశాఖ మార్గదర్శకాలు ఇచ్చేసరికి మే నెల వచ్చింది. అప్పటికే సెకండ్ వేవ్ ఉద్ధృతంగా ఉంది.

అంతకు ముందటి ఏడాది లాక్‌డౌన్‌లో చెత్త ఏరుకునే పనీ, అడ్డా కూలీ ఒక్కసారిగా ఆగిపోయాయి. తెల్లకార్డుదారులకు ప్రభుత్వం మనిషికి 12 కిలోల బియ్యం ఇచ్చింది గానీ, రేషన్ కార్డే లేని శరణార్థులకు దాతలు, స్వచ్ఛంద సంస్థలు, ఇరుగుపొరుగే దిక్కయ్యారు. ఆ ఇరుగుపొరుగువారూ అదే అడ్డాలో నిలబడే కూలీలేనన్న సంగతిని మనం తరచూ మరచిపోతాం. 2020 ఏప్రిల్‌లో రోహింగ్యాలను గుర్తించి పరీక్షించాలంటూ కేంద్ర హోంశాఖ రాష్ట్రాలకు లేఖ రాసింది. పరీక్షలు అవసరమే, కానీ ఒక జాతిని వేరుచేసి వెతికితే, జ్వరం వచ్చినవాడు ఆసుపత్రికి రాడు, దాక్కుంటాడు. దానివల్ల నష్టపోయేది అతనొక్కడే కాదు, పక్కింటివారు కూడా.

బంగ్లాదేశ్‌లోని కాక్స్ బజార్‌లో ఈ భయమే మరింత పెద్దయెత్తున కనిపించింది. అక్కడి రోహింగ్యా శిబిరాల్లో 2020 మే 14న తొలి కరోనా కేసు బయటపడింది. కరోనా సోకినవారిని తీసుకెళ్లి చంపేస్తారన్న వదంతి పుట్టింది. అంతకు ముందు ఏడాది నుంచే శిబిరాల్లో మొబైల్ ఇంటర్నెట్‌ను కట్టడి చేయడంతో నిజం చెప్పే దారీ మూసుకుపోయింది. అయితే అక్కడే మనం నేర్చుకోవలసినదీ ఉంది. జిల్లా సదర్ ఆసుపత్రిలో ఐక్యరాజ్యసమితి శరణార్థి సంస్థ సాయంతో అదే ఏడాది జూన్‌లో ఐసీయూ ఏర్పడింది. స్థానికులకూ రోహింగ్యాలకూ అక్కడే చికిత్స అందింది. అప్పటిదాకా ప్రాణాపాయంలో ఉన్న రోగిని చిట్టగాంగ్ దాకా తరలించవలసి వచ్చేది.

కనుక బాలాపూర్ ఉన్న రంగారెడ్డి జిల్లా యంత్రాంగం రాబోయే ఆరోగ్య అత్యవసర పరిస్థితికి ఇప్పుడే సిద్ధం కావాలి. టీకాకూ, చికిత్సకూ శరణార్థి కార్డును చెల్లుబాటు చేయాలి. వేరే శిబిరాలు పెట్టకుండా స్థానికులు వెళ్లే బస్తీ దవాఖానాలోనే వారికీ వైద్యం అందించి, అక్కడి మందులనూ సిబ్బందినీ ఆ మేరకు పెంచాలి. రోహింగ్యా భాష తెలిసిన ఆరోగ్య కార్యకర్తలను ఆ గుడిసెల నుంచే ఎంపిక చేసి, వారికి గౌరవవేతనం ఇవ్వాలి.

ఇట్లు,
ఒక పాఠకురాలు, హైదరాబాద్