ఆ రాత్రి ఫోన్ ఎత్తిన అక్కకు, ఆ తర్వాత వచ్చిన అందరికీ

హన్మకొండ బయట ఉన్న మా చిన్న జంతువుల షెల్టర్‌లో పనిచేసే నలుగురి తరఫున ఇది రాస్తున్నాను. పేర్లు రాయొద్దని మీరంతా గట్టిగా చెప్పారు. అందుకే ఊరి పేర్లతోనే పిలుస్తున్నాను. ఎవరి గురించి రాశానో మీకు తెలుస్తుంది.

జులైలో వానలు పట్టినప్పుడు ఎవరో అట్టపెట్టెలో 6 కుక్కపిల్లలను మా గేటు ముందు వదిలి వెళ్లారు. తడిసి వణుకుతున్నాయి. తుడిచి, మిగతా పిల్లల పక్కనే పడుకోబెట్టాను. నాలుగో రోజు వాటిలో ఒకటి పాలు ముట్టలేదు. సాయంత్రానికి వాంతులు, తెల్లారేసరికి నెత్తురు విరేచనాలు. పార్వో, కుక్కపిల్లల ప్రాణం తీసే అంటు జబ్బు. మొత్తం 19 పిల్లల్లో 11 పోయాయి. రోజుకు మూడుసార్లు ఫినాయిల్ పోసి కడిగాను. నా చేతులు పొక్కాయి గానీ జబ్బు ఆగలేదు.

ఈ పనిలో చేరి నాలుగేళ్లయింది. చేరిన రోజు చీపురు, బకెట్ ఎక్కడ ఉంటాయో చూపించారు. అంతకు మించి ఎవరూ ఏమీ నేర్పలేదు. చూపించినవాళ్లకు కూడా ఎవరూ నేర్పలేదు. మూగజీవాల మీద ప్రేమ ఉంటే చాలు, మిగతాది అదే వస్తుందని అందరం అనుకున్నాం.

పదకొండో పిల్ల రాత్రి ఒంటిగంటకు నా ఒళ్లోనే పోయింది. ఎవరికి చెప్పుకోవాలో తెలియలేదు. ఇంట్లో చెబితే కుక్కపిల్ల కోసం ఇంత ఏడుపా అంటారు. కిందటేడు రేబిస్ టీకాల క్యాంపులో పరిచయమైన కరీంనగర్ అక్క నంబర్ నా దగ్గర ఉంది. చేశాను. రెండో రింగుకే ఎత్తింది. నాకు మాట రాలేదు. "ఏడువు బిడ్డా, నేను ఫోన్ పెట్టను" అంది. చాలాసేపటి తర్వాత ఒకే ప్రశ్న అడిగింది. "గదులు దేంతో కడుగుతున్నవ్?" ఫినాయిల్ అన్నాను. "పొద్దున మొదటి బస్సుకు వస్తున్న" అంది.

అన్నట్టే వచ్చింది. ఒక చేతిలో బ్లీచ్ ద్రవం డబ్బా, ఇంకో చేతిలో ప్లాస్టిక్ మగ్గు. మగ్గు లోపల అర లీటరు దగ్గర నెయిల్ పాలిష్‌తో ఎర్ర గీత గీసి ఉంది.

అక్క నేర్పింది ఇది: పార్వో వైరస్ ఫినాయిల్‌కు చావదు, శానిటైజర్‌కూ చావదు. పట్టించుకోకపోతే నేలలో నెలల తరబడి ఉంటుంది. ముందు సబ్బునీళ్లతో మురికంతా వదిలేలా రుద్దాలి, ఎందుకంటే మురికి మీద బ్లీచ్ పనిచేయదు. తర్వాత 15 లీటర్ల నీళ్లకు ఆ గీత దాకా బ్లీచ్ కలిపి పోసి, నేలను 10 నిమిషాలు తడిగానే ఉంచాలి. ఆ తర్వాత మంచినీళ్లతో కడిగి ఆరబెట్టాలి. ఏ రోజుది ఆ రోజే కలుపుకోవాలి. బాత్‌రూమ్ యాసిడ్‌తో మాత్రం ఎప్పుడూ కలపకూడదు, విషవాయువు పుడుతుంది. ఆరోగ్యంగా ఉన్న పిల్లల గది ముందు కడగాలి, జబ్బు పిల్లల గది అన్నిటికంటే చివర.

నేను దీన్ని తిరగేసి చేశాను. బెంగతో పొద్దున్నే జబ్బువాటి దగ్గరికే పరుగెత్తి, అవే చెప్పులతో మిగతా గదుల్లో తిరిగాను. ఇది రాస్తుంటే ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది. అక్క నన్ను ఒక్క మాట కూడా అనలేదు. తను మొదట్లో ఇలాగే ఎన్నిటిని పోగొట్టుకుందో చెప్పింది. తర్వాత చీర కుచ్చిళ్లు ఎగదోపి నాతో పాటు నేల రుద్దింది. మిగిలిన 8 పిల్లల్లో 7 బతికాయి.

పశువుల ఆసుపత్రిలో పనిచేసి రిటైరైన డాక్టర్ సార్‌ను మాకు పరిచయం చేసింది కూడా అక్కే. ఆయన ఐదు ఆదివారాలు మా షెడ్డుకే వచ్చి నేర్పారు. జమ్మికుంట, జనగామ, మంచిర్యాల నుంచి కూడా షెల్టర్లలో పనిచేసేవాళ్లు వచ్చి కూర్చున్నారు. మొదటి ఆదివారం ఆయన జంతువుల గురించి మాట్లాడనే లేదు. "మీలో రేబిస్ టీకా ఎవరు వేయించుకున్నారు?" అని అడిగారు. ఒక్క చెయ్యి కూడా లేవలేదు. రోజూ కుక్కల నోటి దగ్గర చేతులు పెట్టేవాళ్లం కాటు పడకముందే టీకా వేయించుకోవాలట. మొదటి సూది రోజును 0 అనుకుంటే 0, 7, 21 రోజుల్లో మూడు డోసులు. అవి వేయించుకున్నా, కరిస్తే మళ్లీ 0, 3 రోజుల్లో రెండు డోసులు తప్పవు. కరిచిన చోట కారం, సున్నం, పసుపు ఏదీ పెట్టకుండా, పారే నీళ్ల కింద సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. నాకు మొదటి కాటు పడ్డప్పుడు మా అమ్మ కారమే అద్దింది. ఇప్పుడు ఆమెకు కూడా చెప్పాను. మా నలుగురి సూదుల ఖర్చును మాకు తెలియకుండా పోగుచేసిన జమ్మికుంట తమ్ముడికీ, అతని స్నేహితులకూ చేతులెత్తి దండం.

మా దగ్గర ఒక గోధుమరంగు కుక్క ఉంది. ఇద్దరిని కరిచింది. దాన్ని పట్టాలంటే ముగ్గురం కావాలి, అయినా టెన్షనే. సార్ బోను ముందు నేల మీద పక్కకు తిరిగి కూర్చున్నారు. దాని కళ్లలోకి చూడలేదు, చెయ్యి చాపలేదు. "ఆకలి లేకుండా మూతి నాకుతోంది, నిద్ర రాకుండా ఆవులిస్తోంది, కంటి తెల్లగుడ్డు కనిపిస్తోంది. ఇది కోపం కాదమ్మా, భయం" అన్నారు. ముప్పావు గంటకు అదే వచ్చి ఆయన మోచేతిని వాసన చూసింది. దానికి చిక్కం తొడగడం మూడో ఆదివారానికి నాకే వచ్చింది. ఇన్నాళ్లూ దాన్ని పొగరుబోతు అని పిలిచినందుకు బాధపడ్డాను.

కొత్తగా వచ్చిన పిల్లలను ఇప్పుడు 14 రోజులు వేరే గదిలో ఉంచుతున్నాం. అట్టపెట్టెలు ఇప్పటికీ వస్తూనే ఉన్నాయి.

చదువు ఒక ఎత్తు, రాత్రి తొమ్మిదింటికి వచ్చే ఫోన్ ఒక ఎత్తు. ఐదు ఊళ్లవాళ్లం వంతులు వేసుకున్నాం. ఆ రోజు ఎవరి దగ్గర జంతువు పోయిందో వాళ్లకు ఒకరు ఫోన్ చేయాలి. మొదట "తిన్నావా?" అని అడగాలి, తర్వాతే మిగతా మాటలు. బాధతో గిలగిల్లాడే ప్రాణిని డాక్టర్ మందిచ్చి శాశ్వతంగా నిద్రపుచ్చాల్సి వస్తే, దాన్ని పెంచినవాళ్లే పట్టుకోవాలన్న నియమం లేదు. వాళ్లకు చేతకాకపోతే ఇంకొకరు బస్సెక్కి వస్తారు. కిందటి నెల నా కోసం మంచిర్యాల వదిన వచ్చింది. వదినా, ఆ రోజు నువ్వేమీ మాట్లాడకుండా నా పక్కన కూర్చున్నావు. అది మర్చిపోను.

సద్దుల బతుకమ్మ నాడు జనగామ నుంచి ఇద్దరు వచ్చి రోజంతా మా షెల్టర్ చూసుకున్నారు. నాలుగేళ్లలో ఆ పండక్కి నాకు దొరికిన మొదటి సెలవు అది. తంగేడు, గునుగు పేర్చి, మా అమ్మతో, చెల్లెతో పద్మాక్షి గుట్ట దగ్గర ఆడాను. రాత్రి మలీద పట్టుకుని షెల్టర్‌కు వెళితే గదులన్నీ కడిగి ఉన్నాయి, మందుల పుస్తకంలో ప్రతి పూటా రాసి ఉంది. నేను లేని రోజున కూడా అంతా సరిగ్గా జరిగింది. నాకు అంత నిశ్చింతగా ఎప్పుడూ అనిపించలేదు.

పెద్దపల్లి వైపు కొత్తగా షెల్టర్ మొదలుపెడుతున్నవాళ్లు కడగడం నేర్పమని అడిగితే అక్క నా పేరు చెప్పిందట. వచ్చే ఆదివారం వెళుతున్నాను. అక్కా, నీ మగ్గు మా దగ్గరే ఉంది. వాళ్ల కోసం అలాంటిదే ఇంకోటి కొని, ఎర్ర గీత గీసి పెట్టాను.