ఇళ్ల తోటల మందులకు యూరప్ అంతటా ఒకే నియమం పెట్టండి

యూరోపియన్ కమిషన్‌లో ఆరోగ్య బాధ్యతలు చూస్తున్న ఒలివేర్ వార్‌హెయి గారికి,

నమస్కారం. ఇళ్ల తోటలకు అమ్మే పురుగుమందులు, గడ్డిమందుల గురించి మేము ఎక్కడ వినతిపత్రం ఇచ్చినా వచ్చే జవాబు ఒకటే: అది సభ్యదేశాల పరిధిలోని విషయం. ఆ జవాబు వల్ల మా మడుల్లో ఏం జరుగుతోందో మీకు తెలియాలనే ఈసారి అందరి ముందూ రాస్తున్నాను.

నేను స్ట్రాస్‌బూర్‌లో ఉంటాను. ఫ్రాన్స్‌లో 2019 జనవరి 1 నుంచి మాలాంటి తోటవాళ్లకు రసాయన మందులు అమ్మకూడదు, మేము వాడకూడదు. మంచి చట్టం. కలుపు చేత్తో పీకుతున్నాం, పేనుబంకకు సబ్బునీళ్లు కొడుతున్నాం. కానీ రైన్ నది దాటితే జర్మనీలోని కేల్. మా ఊరి ట్రామే అక్కడికి వెళ్తుంది. అక్కడ గడ్డిమందును తాళం వేసిన అలమారాలో పెడతారు, జాగ్రత్తలు చెప్పి అమ్ముతారు. కొన్న మనిషి తోట నదికి ఏ ఒడ్డున ఉందో డబ్బాకు తెలియదు కదా!

ఈ వేసవిలో మా టమాటా చివుళ్లు మెలితిరిగాయి. ఆకులు సన్నబడి ఈనెలే మిగిలినట్టు అయ్యాయి. గోంగూర ఆకులు దొన్నెల్లా ముడుచుకున్నాయి. పక్క మడి పెద్దాయన తన పచ్చిక మీద కొట్టిన మందు గాలికి మా మీద పడింది. అడిగితే ఏమీ దాచకుండా డబ్బా తెచ్చి చూపించారు. లోపల ఉన్నది 2,4-డి అనే గడ్డిమందు. సూచనలన్నీ జర్మన్‌లో ఉన్నాయి, ఆయనకు ఆ భాష రాదు. దుకాణంలో బాహాటంగా అమ్మేది తన తోటలో చల్లితే నేరమవుతుందని ఆయనకు తోచనే లేదు. ఆయన మీద నాకు కోపం లేదు. మొక్కలన్నీ పీకి పారేశాను. పిల్లలకు ఆ కాయలు పెట్టే ధైర్యం నాకు లేదు.

అసిటామిప్రిడ్ అనే పురుగుమందు సంగతీ ఇంతే. ఫ్రాన్స్‌లో దాన్ని రైతులకు కూడా నిషేధించారు. తిరిగి అనుమతించాలని చేసిన చట్టంలోని ఆ నిబంధనను 2025 ఆగస్టులో రాజ్యాంగ మండలి కొట్టివేసింది. అదే మందు జర్మనీలో పెరటి గులాబీలకు కొట్టుకోవడానికి దొరుకుతుంది. బెల్జియం 2018లో ఇళ్లవారికి గ్లైఫోసేట్ అనే గడ్డిమందు అమ్మకం ఆపింది. రసాయనానికి అనుమతి ఇచ్చేది యూరప్ మొత్తానికి మీరు. అది ఎవరి చేతికి అందాలన్నది మాత్రం దేశానికో తీరు.

2022 జూన్‌లో మీ కమిషనే ఒక చట్టం ప్రతిపాదించింది, 2030 నాటికి రసాయన పురుగుమందుల వాడకాన్ని, ముప్పును సగానికి తగ్గిస్తామని, పార్కులు, ఆటస్థలాల్లో వాడనివ్వమని. అందులో ఇళ్ల తోటలకూ ఒక దారి దొరుకుతుందని ఆశపడ్డాం. 2023 నవంబరు 22న మా ఊళ్లోనే యూరోపియన్ పార్లమెంటు దాన్ని తిరస్కరించింది. ఆరు రోజులకే గ్లైఫోసేట్‌కు 2033 డిసెంబరు దాకా అనుమతి పొడిగించారు. 2024 ఫిబ్రవరిలో ప్రతిపాదననే వెనక్కి తీసుకుంటున్నామన్నారు. చర్చలు జరిపి ఇంకా మెరుగైనది తేవచ్చని కూడా అన్నారు. ఆ మెరుగైనది ఎక్కడుంది? తేనెటీగల కోసం, రైతుల కోసం ఈ మందులు ఆపాలని 10 లక్షల మందికి పైగా చేసిన సంతకాలకు విలువ ఇదేనా?

రైతుల విషయం చిక్కుముడి అని ఒప్పుకుంటాను. వారికి పంట, అప్పు, బతుకు ఉన్నాయి. పెరట్లో పచ్చిక కోసం విషం చల్లుకోవడానికి అలాంటి అవసరం ఏముంది? కనీసం ఇక్కడైనా మొదలుపెట్టండి. శిక్షణ లేనివారికి రసాయన మందులు అమ్మకుండా యూరోపియన్ యూనియన్‌లోని 27 దేశాలకూ ఒకే నియమం తెండి. అప్పటిదాకా సరిహద్దు ఊళ్ల దుకాణాల్లో, పక్క దేశంలో ఇది నిషిద్ధమని ఆ దేశం భాషలో రాయించండి. అది కూడా మీ చేతిలో లేదంటే ఎవరి చేతిలో ఉందో పేరు చెప్పండి, వారికే రాస్తాం. వచ్చే విత్తుల కాలానికి ముందే జవాబు ఇవ్వండి.

భవదీయురాలు,
స్ట్రాస్‌బూర్‌లో కూరగాయల మడి చేసుకుంటున్న ఒక తెలుగు తల్లి