యాపిల్ పీపాకు ఒక్క గడేనా?

సంపాదకులకు నమస్కారం.

మా అబ్బాయికి పదేళ్లు. ఈమధ్య స్టీవెన్‌సన్ నవల ‘ట్రెజర్ ఐలాండ్’ను కుదించిన కామిక్ కొనిచ్చాను. ఇరవై నిమిషాల్లో ముగించి పక్కన పడేశాడు. ఎలా ఉందిరా అంటే, "నిధి దొరికింది" అన్నాడు. మొహంలో భయం లేదు, ఆత్రం లేదు. అనుమానం వచ్చి నేనూ తిరగేశాను.

ఆ నవల చదివినవాళ్లు యాపిల్ పీపా ఘట్టాన్ని అంత తేలిగ్గా మరిచిపోరు. ఓడ మీద జిమ్ అనే కుర్రాడు యాపిల్ కోసం పెద్ద పీపాలోకి దిగుతాడు. చీకట్లో కునుకు పట్టబోతుండగా ఎవరో వచ్చి పీపాకు జేరబడతారు. ఆ గొంతు తను ఎంతో ఇష్టపడ్డ వంటవాడు సిల్వర్‌ది. అతను సముద్రపు దొంగ అనీ, ఓడలో తిరుగుబాటుకు కుట్ర పన్నుతున్నాడనీ ఆ మాటల్లోనే తెలుస్తుంది. మధ్యలో సిల్వర్, పక్కనున్న కుర్ర నావికుణ్ణి ఒక యాపిల్ తీసుకురమ్మంటాడు! జిమ్‌తోపాటు మన ఊపిరీ ఆగిపోతుంది. మేం కొన్న కామిక్‌లో ఇదంతా ఒక్క గడి. పీపాలోంచి ఒక తల, పైన ఒక బుడగ: "అమ్మో, వీళ్లు దొంగలు!"

ఆ రాత్రి అసలు నవల తీసి ఆ అధ్యాయం చదివి వినిపిస్తే, "ఆగమ్మా, వాడు లోపలికి తొంగిచూస్తాడా?" అని దుప్పటి లాక్కున్నాడు.

ఇది బొమ్మలకు చేతకాని పనేం కాదు. అసలా నవల పుట్టిందే బొమ్మలోంచి. సవతి కొడుకుతో కాలక్షేపానికి గీసిన దీవి మ్యాపును చూసి స్టీవెన్‌సన్ కథ అల్లాడు, 1883లో అది పుస్తకమైంది. పీపా లోపలి నలుపు, పైనుంచి ఒక్కొక్కటిగా వచ్చిపడే మాటలు, అంతకంతకూ కుంచించుకుపోయే గడులు... మంచి చిత్రకారుడికి నాలుగు పేజీలిస్తే పిల్లల్ని వణికిస్తాడు. ఆ నాలుగు పేజీలే ఇవ్వరు.

పేజీల కరువు కొత్తదేం కాదు. అమెరికాలో 1941లో ‘త్రీ మస్కిటీర్స్’తో మొదలై, తర్వాత ‘క్లాసిక్స్ ఇలస్ట్రేటెడ్’గా పేరు మార్చుకున్న సిరీస్ తొలి సంచికలు 64 పేజీలు. కాగితం ఖర్చు పెరిగి 1948కల్లా 48కి దిగాయి, నవల ఎంత లావుదైనా సరే. అయినా వాళ్లు ఒక మర్యాద పాటించారు. కథ చివర, ఇక అసలు నవల కూడా చదవండి అని పిల్లలకు చెప్పేవారు. మా ఇంటికొచ్చిన పుస్తకంలో ‘సంక్షిప్తం’ అన్న ముక్కే లేదు. కథ కుదించిందెవరో, బొమ్మలు వేసిందెవరో లేదు. స్టీవెన్‌సన్ పేరు మాత్రం పెద్దక్షరాల్లో. ఆయన రాయని మాటలన్నీ ఆయన నెత్తినే!

కుదించేటప్పుడు ఏది పోతుందో కూడా చూడాలి. 1719 నాటి ‘రాబిన్‌సన్ క్రూసో’లో హీరోగారి ఓడ మునిగింది ఆఫ్రికా నుంచి బానిసల్ని తేవడానికి బయల్దేరినప్పుడు. నేను చూసిన పిల్లల పుస్తకాల్లో అది ‘వ్యాపారం’ అయిపోయింది. దీవిలో తాను కాపాడి పనివాడిగా పెట్టుకున్న ఫ్రైడేకి తనను ‘మాస్టర్’ అని పిలవడం నేర్పానని క్రూసోయే చెప్పుకుంటాడు. నవలలో అది అతని మాట, మెచ్చుకోవాలో లేదో మన ఇష్టం. అదే మోకరిల్లిన ఫ్రైడేని గీసి పెడితే పిల్లవాడికి అది కళ్లెదుటి నిజం. దాచమనను. చివర అరపేజీ వివరణ వేస్తే చాలు. అన్నట్టు, జలాంతర్గామి నడిపే కెప్టెన్ నెమో మన బుందేల్‌ఖండ్ రాకుమారుడని ‘మిస్టీరియస్ ఐలాండ్’లో జూల్స్ వెర్న్ రాశాడు. బొమ్మలు గీసేవాళ్లలో ఎందరికి గుర్తుంటుందో!

ప్రచురణకర్తలు అట్ట మీదే ‘సంక్షిప్త చిత్రకథ’ అని వేయాలి. కుదించినవారి పేరు, చిత్రకారుడి పేరు రచయిత పేరు కిందే ఉండాలి. గ్రంథాలయాల్లో కామిక్ పక్కనే అసలు నవల పెట్టాలి, వేరే గదిలో కాదు. మీకూ ఒక విన్నపం. పుస్తక సమీక్షల పేజీలో ఇలాంటి వాటికి "రంగుల బొమ్మలు ఆకట్టుకుంటాయి" అని ఒక్క వాక్యంతో సరిపెట్టకుండా, అసలు నవల పక్కన పెట్టుకుని చదివేవాళ్ల చేత రాయించండి.

— ఒక పాఠకురాలు