కలెక్టర్ గారూ, ఆ అర్జీలో నా సంతకం ఎందుకు లేదంటే...

గౌరవనీయులైన విశాఖపట్నం జిల్లా కలెక్టర్ గారికి,

నమస్కారం. మొన్న సోమవారం గ్రీవెన్స్‌లో ఎంవీపీ కాలనీ ఆడవాళ్లు మీకు ఒక అర్జీ ఇచ్చారు. ఎదురింటి డాబా మీద సెల్ టవర్ తీసేయించాలని, మా వీధిలో ఇద్దరు కడుపుతో ఉన్నారని అందులో రాశారు. ఆ ఇద్దరిలో ఒకరు మా కోడలు. అయినా నేను సంతకం పెట్టలేదు. "సొంత కోడలి మీదైనా జాలి లేదు ఈవిడకి" అని మెట్ల దగ్గర అనుకుంటుంటే నా చెవిన పడింది. మీకు రాస్తే వాళ్లూ చదువుతారని ఇలా బహిరంగంగా రాస్తున్నాను.

నేను ఫిజియోథెరపిస్టుని. రిటైరై నాలుగేళ్లయింది. మైక్రోవేవ్ అనగానే అందరికీ టవర్ గుర్తొస్తే, నాకు ట్రాలీ మీది మిషన్ గుర్తొస్తుంది. నడుం నొప్పికీ, భుజం పట్టేసినా "కరెంటు పెట్టించుకున్నాం" అంటారు కదా మనవాళ్లు, అందులో ఒక రకం మైక్రోవేవ్ డయాథెర్మీ. 2450 మెగాహెర్ట్జ్ మీద పనిచేస్తుంది. వంటింట్లో ఓవెన్‌దీ అదే. కాకపోతే ఓవెన్‌కి తలుపూ జాలీ ఉంటాయి, తలుపు తీస్తే ఆగిపోతుంది. దీనికి తలుపు లేదు. ఒంటి లోపల కండరాన్ని వేడెక్కించడమే దీని పని.

టవర్ పెట్టగానే మా కోడలికి టెన్షన్ పట్టుకుంది. అప్పుడు రెండో నెల. "అక్కడైతే టవర్ కనపడదు అత్తయ్యా" అని గాజువాకలో పుట్టింటికి వెళ్లిపోయింది. వారం తిరక్కుండా ఫోన్ చేసి, నడుం లాగేస్తుంటే వాళ్లమ్మ దగ్గర్లో ఉన్న క్లినిక్‌కి తీసుకెళ్లిందని, రెండు రోజులు కరెంటు పెట్టారని, ఇప్పుడు హాయిగా ఉందని చెప్పింది. నాకు కాళ్లు చల్లబడ్డాయి. ప్యాడ్లు అంటించారా అని అడిగాను. లేదట, గుండ్రటి గిన్నెలాంటిది నడుముకి జానెడు దూరంలో నిలబెట్టారట. అంటే అది మైక్రోవేవ్ డయాథెర్మీయే. కడుపుతో ఉన్నావని చెప్పావా అంటే, "వాళ్లు అడగలేదు. మూడో నెల వచ్చేదాకా బయటికి చెప్పకూడదంది అమ్మ" అంది.

ఇప్పుడు ఐదో నెల. స్కానింగ్‌లో అంతా బాగుంది. రెండుసార్లు పెట్టినంత మాత్రాన ఏదో అయిపోతుందని నేను అనను. కానీ గర్భిణికి నడుం దగ్గర, పొత్తికడుపు దగ్గర డయాథెర్మీ పెట్టకూడదన్నది మేం మొదటి రోజుల్లో నేర్చుకునే పాఠం. ఎక్స్‌రేకి అణువుల నుంచి ఎలక్ట్రాన్లను ఊడగొట్టి డీఎన్‌ఏని దెబ్బతీసే శక్తి ఉంది. మైక్రోవేవ్‌కి అంత శక్తి లేదు. దానితో రుజువైన హాని వేడి వల్ల వచ్చేదే. గర్భం నిలిచిన నాలుగు వారాల్లోపే బిడ్డ వెన్నుపాముకి పునాది అయిన నాళం మూసుకుంటుంది. నెల తప్పిందని తల్లికి తెలిసేది కూడా దాదాపు అప్పుడే. ఆ రోజుల్లో తల్లికి పెద్ద జ్వరం వస్తే డాక్టర్లు కంగారు పడేది అందుకే. కడుపులో బిడ్డ వేడి మామూలుగానే తల్లి కంటే అర డిగ్రీ ఎక్కువ. ఆ వేడి చాలా వరకు మాయ ద్వారా తల్లి రక్తంలోకే పోవాలి.

1993లో అమెరికాలో ఆడ ఫిజియోథెరపిస్టుల మీద జరిగిన అధ్యయనం ఒకటి అచ్చయింది. మైక్రోవేవ్ డయాథెర్మీ నడిపినవాళ్లలో గర్భస్రావాలు కొంచెం ఎక్కువ కనిపించాయి, డయాథెర్మీలోనే ఇంకో రకమైన షార్ట్‌వేవ్ నడిపినవాళ్లలో అది కనిపించలేదు. తేడా చిన్నదే, దానిమీద వాదనలూ నడిచాయి. నేనది చదివేసరికి మావాడికి రెండేళ్లు. వాడు కడుపులో ఉండగా ఆ మిషన్లన్నీ నేనే నడిపాను. స్విచ్ వేసి గది అవతలి మూలకి వెళ్లి నిలబడమని మా సీనియర్ మేడమ్ గదమాయించేవారు.

ఇక టవర్ సంగతి. 2012 సెప్టెంబరు 1న మన దేశంలో టవర్ల నుంచి వచ్చే తరంగాల పరిమితిని అంతర్జాతీయ పరిమితిలో పదో వంతుకి తగ్గించారు. 900 మెగాహెర్ట్జ్ దగ్గర అది చదరపు మీటరుకి 0.45 వాట్లు. ఓవెన్ తలుపుకి 5 సెంటీమీటర్ల దూరంలో లీకేజీ చదరపు మీటరుకి 50 వాట్ల దాకా అనుమతిస్తారు. పైగా సిగ్నల్ బలహీనంగా ఉన్నచోట ఫోనే ఎక్కువ పవర్‌తో పనిచేస్తుంది. టవర్ దూరమైతే చెవి దగ్గర ఉన్నది పెరుగుతుంది. 2014లో హుద్‌హుద్ తర్వాత ఫోన్లు కలవక ఈ ఊరు ఎంత అల్లాడిందో మా వీధివాళ్లు అప్పుడే మర్చిపోయారు. ఇలాంటి రేడియో తరంగాలను 2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం అనుమానపు జాబితాలో పెట్టిన మాట నిజమే, కానీ దానికి ఆధారం ప్రధానంగా ఫోన్ వాడేవాళ్లలో మెదడు కణితుల మీద జరిగిన అధ్యయనాలు. ఫోన్‌కి, టవర్‌కి స్టిక్కర్లు, కడుపుకి కట్టుకునే గుడ్డలు అమ్మేవాళ్ల గురించి మాట్లాడితే నాకు బీపీ పెరుగుతుంది, వదిలేస్తాను.

అలాగని మా వీధివాళ్లని తప్పుపట్టను. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరీన్ గ్యాస్ పీల్చిన ఊరు ఇది. "ఏం కాదమ్మా" అన్న మాటకి ఇక్కడ విలువ లేదు. కొలిచి చూపించాలి. 2017లో కేంద్రం పెట్టిన తరంగ్ సంచార్ పోర్టల్‌లో డబ్బు కట్టి కొలతకి దరఖాస్తు చేసుకోవచ్చని ఎంతమందికి తెలుసు? జిల్లా టెలికాం కమిటీ మీ చేతిలోనే ఉంది. ఆ టవర్‌ని కొలిపించి, వచ్చిన అంకెనూ పరిమితినీ పక్కపక్కన తెలుగులో రాసి మా గేటుకి అంటించండి.

అంతకన్నా ముందు చేయాల్సింది ఇంకోటుంది. ఎక్స్‌రే గది తలుపు మీద గర్భిణులు ముందే చెప్పాలని బోర్డు ఉంటుంది. కరెంటు పెట్టే గది మీద ఎందుకు ఉండదు? ప్రైవేటు క్లినిక్‌ల రిజిస్ట్రేషన్లు చూసేది మీ జిల్లా వైద్య ఆరోగ్యాధికారి (డీఎంహెచ్‌వో) గారే. డయాథెర్మీ మిషన్ ఉన్న ప్రతి గదికీ ఒక బోర్డు, పెళ్లీడుకొచ్చిన ఆడమనిషి ఎవరొచ్చినా రిజిస్టర్‌లో "ఆఖరి నెలసరి ఎప్పుడు" అని ఒక గడి పెట్టించండి. అడిగేటప్పుడు అత్తనీ అమ్మనీ బయట కూర్చోబెట్టమని కూడా చెప్పండి. వాళ్ల ముందు ఏ పిల్లా నోరు విప్పదు. ఆ మిషన్ల దగ్గర పనిచేసే ఫిజియో అమ్మాయిలు నీళ్లోసుకుంటే వేరే పనికి మార్చాలి. వాళ్లలో చాలామంది ఉద్యోగం పోతుందని చెప్పుకోరు. మేమూ చెప్పుకోలేదు.

టవర్‌ని కొలిచే రోజు కబురు పెట్టండి, డాబా మీదకి నేనూ వస్తాను. అంకె పరిమితి దాటితే రెండో అర్జీలో మొదటి సంతకం నాదే.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఫిజియోథెరపిస్టు,
ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం