తెలుగు నర్సుల సంఘం, లీడ్స్ (ఇంగ్లండ్) వార్షిక నివేదిక, 2025: సర్వసభ్య సమావేశానికి కార్యదర్శి సమర్పణ

గౌరవ అధ్యక్షులకు, కార్యవర్గ మిత్రులకు, రాత్రి డ్యూటీ దిగి నిద్రకళ్లతోనే వచ్చిన తెలుగు నర్సు సోదరీ సోదరులకు నమస్కారం.

ఉగాది, బతుకమ్మ, కొత్తగా లీడ్స్‌కు వచ్చినవారికి అద్దె ఇల్లు వెతికిపెట్టడం ఎప్పటిలాగే జరిగాయి. ఈ ఏడాది చెప్పుకోదగ్గ పని ఒకటే. మనసు బరువు దించుకోవడానికి నెలకోసారి కూర్చునే సాయంత్రాలను నల్లజాతి నర్సులతో కలిసి నడిపాం.

“వాళ్లతో మనకేం పని?” అని కార్యవర్గంలోనే ఒకరు అడిగారు. జవాబు ఇక్కడే చెబుతున్నాను. వార్డులో మన పక్కన నిలబడేది నైజీరియా, ఘనా, జింబాబ్వే నుంచి వచ్చినవారు, ఇక్కడే పుట్టిన కరీబియన్ కుటుంబాల ఆడపడుచులు. “నువ్వు నన్ను ముట్టుకోకు” అనే రోగి వారికీ ఎదురవుతాడు, మనకూ ఎదురవుతాడు. అయినా వారి కష్టం మన కష్టంతో సమానమని నేను అనను. యజమానులు తమకు పంపే ఫిర్యాదుల్లో నల్లజాతి నర్సుల వాటా రిజిస్టర్‌లో వారి వాటాను మించి ఉందని, ఇక్కడ నర్సుల రిజిస్ట్రేషన్ చూసే నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కౌన్సిల్ స్వయంగా తేల్చింది. పైగా ‘వీళ్లు గట్టివాళ్లు, ఎంతైనా తట్టుకుంటారు’ అన్న పేరొకటి. గొంతు పెంచితే కోపిష్టి అంటారు, కన్నీళ్లు పెడితే పనికి తగదంటారు. అందుకే చాలామంది నోరు విప్పరు, ఒంట్లో బాగాలేదని సెలవు పెడతారు. ఇక మన పెళ్లి ప్రకటనల్లో రంగు గురించి ఏం రాసుకుంటామో గుర్తుచేసుకుంటే, పైన అడిగిన ప్రశ్న ఎక్కడ పుట్టిందో తెలుస్తుంది.

ప్రతి సాయంత్రమూ తిరిగి తిరిగి వచ్చినవి రెండు భయాలు. కౌన్సెలింగ్‌కు వెళ్తే రిజిస్ట్రేషన్ పోతుందన్నది మొదటిది. పోదు. సురక్షితంగా పని చేయగలిగినంతకాలం చికిత్స తీసుకోవడం తప్పు కాదు. రెండోది వీసా. ఉద్యోగం పోయి స్పాన్సర్‌షిప్ రద్దయితే ఈ దేశంలో ఉండటానికి సాధారణంగా మిగిలేది 60 రోజులే కాబట్టి, అవమానాన్ని మింగి ఊరుకునేవారే ఎక్కువ. ఈ భయం ఉత్తిది కాదు, మాటలతో పోయేదీ కాదు. యూనియన్‌లో చేరమని మాత్రం అందరికీ చెప్పాం.

అక్టోబరులో, ఇక్కడ నల్లజాతి చరిత్ర మాసం జరుపుకునే రోజుల్లో, అందరం రైలెక్కి దగ్గర్లోని ఇల్క్లీ ఊరు వెళ్లాం. గయానాలో పుట్టి 1951లో ఈ దేశం వచ్చిన డాఫ్నీ స్టీల్ 1964లో అక్కడి సెయింట్ వినిఫ్రెడ్స్ ఆసుపత్రికి మేట్రన్, అంటే నర్సులందరికీ పెద్ద, అయ్యారు. బ్రిటన్ ప్రభుత్వ ఆరోగ్య సేవ ఎన్‌హెచ్‌ఎస్‌లో ఆ పదవి అందుకున్న తొలి నల్లజాతి మహిళ ఆవిడే. 2024లో ఆవిడ పేరిట అక్కడ నీలి ఫలకం (ప్రముఖుల జ్ఞాపకంగా గోడకు పెట్టేది) పెట్టారు. దాని ముందు ఫోటో దిగే హడావిడి అయ్యాక, పెద్ద వయసు జమైకా నర్సు ఒకరు తన తరం గురించి చెప్పారు. మూడేళ్ల కోర్సుకు అర్హత ఉన్నా కింది స్థాయి అయిన రెండేళ్ల ఎన్రోల్డ్ నర్సు శిక్షణలోకి నెట్టారట. ఆ పట్టా సొంత దేశంలో చెల్లలేదట. ఆ రోజు మన పులిహోర ముందు అయిపోయిందా, వారి జొలోఫ్ అన్నం (పశ్చిమాఫ్రికా టమాటా అన్నం) ముందు అయిపోయిందా అన్న వివాదం ఇంకా తేలలేదు. సంఘం పుట్టాక ఇంత మంచి కార్యక్రమం జరగలేదని నా అభిప్రాయం. అధ్యక్షులవారు క్షమించాలి, దసరా నాటికతో సహా.

హాలు ఉచితంగా ఇచ్చిన చర్చివారికి, జీతం తీసుకోకుండా వచ్చిన కౌన్సెలర్‌గారికి, పులిహోర కలిపిన అక్కలకు, పిల్లలను చూసుకున్న బావగార్లకు కృతజ్ఞతలు. వస్తానని మాట ఇచ్చి, ఆఖరి నిమిషంలో ‘అత్యవసర సమావేశం’ అని ఈమెయిల్ పంపిన ఆసుపత్రి అధికారికి కూడా. ఆయన కోసం వేసిన కుర్చీ ఖాళీగా ఉండలేదు.

స్వచ్ఛంద సేవకుల సంగతి చెప్పక తప్పదు. వాట్సాప్‌లో చేతులు జోడించిన బొమ్మలకు కొదవ లేదు, కుర్చీలు సర్దే చేతులకే కొదవ. చాలా సాయంత్రాలు ఆ నలుగురైదుగురే చేశారు. వారిలో ఇద్దరు వచ్చే ఏడాది తమవల్ల కాదన్నారు.

జమాఖర్చులు కోశాధికారి చదువుతారు. అప్పు లేదు, చందా బాకీలు ఉన్నాయి.

ఎవరికైనా రాత్రివేళ భరించలేనట్టు అనిపిస్తే మనసు విప్పి మాట్లాడుకునే హెల్ప్‌లైన్ సమరిటన్స్ నంబరు 116 123 ఎప్పుడైనా ఉచితం. ఎన్‌హెచ్‌ఎస్ సలహా నంబరు 111కు ఫోన్ చేసి 2 నొక్కినా మానసిక ఆరోగ్య సిబ్బంది పలుకుతారు. వచ్చే ఏడాది సాయంత్రాల డ్యూటీ పట్టిక తలుపు దగ్గర బల్లమీద ఉంది. భోజనానికి లేచేముందు పేర్లు రాయండి.

ఇట్లు,
కార్యదర్శి