మన బడి వార్తాలేఖ: ఆరు, ఏడు తరగతుల పిల్లల గురించి

తల్లిదండ్రులకు, ఇంట్లో పిల్లల్ని చూసుకునే తాతలకు, నానమ్మలకు, అమ్మమ్మలకు నమస్కారం.

పరీక్షల తేదీలు, ఆటల పోటీల సంగతి నోటీసు బోర్డులో పెట్టాం, ఈ నెల లేఖ మాత్రం ఒక్క విషయం మీదే రాస్తున్నాను. ఆరు, ఏడు తరగతుల్లో కొందరు పిల్లలు ఇంకా తెలుగు పేరా తడబడకుండా చదవలేకపోతున్నారు, తీసివేతల దగ్గర ఆగిపోతున్నారు. "వీడికి చదువు ఎక్కదు" అని ఇంట్లో అంటున్నారని ఆ పిల్లలే నాకు చెప్తున్నారు. దయచేసి ఆ మాట అనకండి.

ఎందుకంటే వాళ్లు అక్షరాలు దిద్దాల్సిన వయసులో బడే లేదు. కరోనా వల్ల 2020 మార్చి 16న మూసిన బడులు చిన్న తరగతులకు మళ్లీ తెరిచింది 2021 సెప్టెంబరు 1న. మధ్యలో టీవీలో వచ్చిన పాఠాలు మూడో తరగతి నుంచి పైవాళ్లకే. 2022లో అసర్ సర్వే వాళ్లు ఊళ్లలో ఇంటింటికీ తిరిగి పిల్లల చేత చదివించి చూస్తే, మన తెలంగాణలో రెండో తరగతి పాఠం చదవగలిగిన మూడో తరగతి పిల్లలు 5.2 శాతమే ఉన్నారు. 2018లో 18.1 శాతం ఉండేవాళ్లు, అదీ తక్కువే. నూటికి తొంభై నాలుగు మందికి పైగా చదవలేకపోతే దాన్ని పిల్లల బద్ధకం అని ఎట్లా అంటాం? అప్పటి ఆ మూడో తరగతి పిల్లలే ఇప్పుడు మన దగ్గర పై తరగతుల్లో కూర్చున్నారు.

2005లో పాకిస్తాన్‌లో పెద్ద భూకంపం వచ్చి బడులు దాదాపు 14 వారాలు మూతబడ్డాయి. నాలుగేళ్ల తర్వాత పరిశోధకులు వెళ్లి చూస్తే, పోయింది మూడు నెలల చదువే అయినా అక్కడి పిల్లలు ఒకటిన్నర తరగతి మేర వెనకబడి ఉన్నారు. బడి తెరిచాక సిలబస్ ముందుకు పోయింది, పిల్లలు అక్కడే ఉండిపోయారు. నాకు మాత్రం మనసులో నిలిచిపోయింది ఇంకో సంగతి: కనీసం ప్రాథమిక చదువు పూర్తి చేసిన తల్లుల పిల్లలు వెనకబడలేదు. మన తల్లుల్లో చాలామందికి బడికి వెళ్లే అవకాశమే దొరకలేదు, అది వాళ్ల తప్పు కాదు. ఇంట్లో ఆ సాయం దొరకని పిల్లలకు ఆ సాయం బడే చేయాలి.

అందుకే వచ్చే సోమవారం నుంచి రోజూ సాయంత్రం బడి వదిలాక ఒక గంట చదివిస్తాం. ఏ తరగతి అని చూడం, ఎక్కడ ఆగిపోయారో అక్కడి నుంచి మొదలుపెడతాం. ఆరో తరగతి పిల్లాడు రెండో తరగతి వాచకం పట్టుకుంటే ఎవరూ నవ్వకుండా చూసుకునే బాధ్యత నాది. ఈ ఒక్క గంట కోసం డబ్బు పెట్టి ట్యూషన్‌కు పంపాల్సిన పని లేదు.

ఇక డబ్బు సంగతి కూడా మాట్లాడుకోవాలి. లాక్‌డౌన్‌లో మన వరంగల్ కొత్తవాడ మగ్గాలు ఆగిపోయాయి, ఆటోలు ఇంటి ముందే నిలబడ్డాయి, ఎనుమాముల మార్కెట్లో హమాలీలకు పని దొరకలేదు. అప్పుడు తెచ్చిన అప్పులకు కొందరు ఇంకా మిత్తి కడుతున్నారని నాకు తెలుసు. ఆ మిత్తి కోసమే పత్తి ఏరే రోజుల్లో, మిర్చి కోతలప్పుడు పిల్లల్ని, ముఖ్యంగా ఆడపిల్లల్ని, బడి మాన్పించి కూలికి తీసుకుపోతున్నారు. మీ కష్టం చిన్నదని నేను అనడం లేదు. కానీ అసలే ఏడాదిన్నర పోగొట్టుకున్న పిల్లకు ఇంకో రెండు వారాలు పోతే, తిరిగి వచ్చేసరికి పాఠం అందదు, అందని పాఠం ముందు రోజూ కూర్చోలేక ఆ పిల్ల తనంతట తానే బడి మానేస్తుంది. మాన్పించాలి అనిపించినప్పుడు ముందు నా దగ్గరికి రండి, పుస్తకాలో బట్టలో బస్‌పాసో, దేనికి ఇబ్బంది అయినా కలిసి దారి చూద్దాం.

శనివారం మధ్యాహ్నం మూడింటికి బడిలో కలుద్దాం. పనికి పోయేవాళ్లు ఆరు దాటాక వచ్చినా నేను ఉంటాను. మీ అబ్బాయి లేదా అమ్మాయి ఎక్కడి దాకా చదవగలుగుతున్నారో మీ ముందే చదివించి చూపిస్తాం.

మీ ప్రధానోపాధ్యాయురాలు