బయటపడే దారి ఒక్కటే అయితే ఎలా?

సంపాదకులు గారికి,

మే నెల వచ్చిందంటే కెనడాలోని ఆల్బర్టా ఉత్తరాన అడవులు తగలబడుతున్నాయన్న వార్త మన పత్రికల్లోనూ వస్తుంది. వెంటనే ఊళ్లో అమ్మానాన్నలకు టెన్షన్, మాకు వరసగా ఫోన్లు. ఆ వార్తల్లో పొగ, మంటల గురించే ఉంటుంది కానీ రోడ్ల సంగతి ఉండదు. ఇక్కడ ఉంటున్న మాకు అసలు భయం రోడ్లతోనే.

మేముండే వుడ్ బఫెలో రీజినల్ మునిసిపాలిటీని 1995లో ఫోర్ట్ మెక్‌ముర్రే నగరాన్నీ, చుట్టూ ఉన్న అటవీ ప్రాంతాన్నీ కలిపి ఏర్పాటు చేశారు. విస్తీర్ణం 60 వేల చదరపు కిలోమీటర్ల పైనే. తెలంగాణలో సగం కంటే ఎక్కువన్నమాట. జనం మాత్రం 2021 లెక్కల ప్రకారం 72 వేలే. అందులో 68 వేల మంది ఫోర్ట్ మెక్‌ముర్రేలోనే ఉంటారు. ఆయిల్ శాండ్స్ (చమురు కలిసిన ఇసుక) నుంచి చమురు తీసే కంపెనీల్లో పనిచేసే తెలుగువాళ్లూ ఇందులో ఉన్నారు. మిగతావాళ్లు ఆంజాక్, కాంక్లిన్, జాన్వియర్, ఫోర్ట్ మెక్కే, ఫోర్ట్ చిపెవాన్ లాంటి చిన్న ఊళ్లవాళ్లు. ఎక్కువగా క్రీ, డెనే, మేటి అనే మూలవాసీ ప్రజలు.

మ్యాపులో చూస్తే ఫోర్ట్ మెక్‌ముర్రే నుంచి దక్షిణానికి 63, 881 అని రెండు హైవేలు కనిపిస్తాయి. కానీ ఊరు దాటి పదిహేను కిలోమీటర్లు పోతే గానీ 881 మొదలు కాదు. ఆ పదిహేను కిలోమీటర్లూ 63 ఒక్కటే దిక్కు. అక్కడ మంట అడ్డొస్తే రెండు దారులూ మూసుకున్నట్టే. 2016 మేలో జరిగింది అదే. దాదాపు 88 వేల మంది ఇళ్లు వదిలి బయల్దేరారు. దక్షిణం దారి మూసుకుపోయేసరికి వేలమంది ఉత్తరాన ఉన్న ఆయిల్ శాండ్స్ క్యాంపులకు పోయి చిక్కుకున్నారు. ఉత్తరాన 63 హైవే ఫోర్ట్ మెక్కే దాటాక కొంతదూరంలో ఆగిపోతుంది. చివరికి పోలీసులు కార్లను కాన్వాయ్ కట్టించి, కాలిన ఊరి గుండానే దక్షిణానికి దాటించారు. దారిలో పెట్రోలు అయిపోయి పక్కన ఆగిపోయిన కార్లెన్నో. 881 మీద జరిగిన ప్రమాదంలో ఇద్దరు చనిపోయారు. 2024 మేలో మళ్లీ నాలుగు కాలనీలను ఖాళీ చేయించినప్పుడు కూడా 63 మీద కార్లు బారులు తీరాయి. అందుకే వేసవి మొదలైతే ఇక్కడ చాలామంది కారు ట్యాంకు సగానికి తగ్గనివ్వరు.

ఫోర్ట్ చిపెవాన్ పరిస్థితి ఇంకా కష్టం. 1788 నాటి ఊరది, అథబాస్కా సరస్సు ఒడ్డున ఉంటుంది. నేల, నీరు గడ్డకట్టిన చలికాలంలో కొన్ని నెలలే అక్కడికి రోడ్డు ఉంటుంది. ఎండ తగిలిందా, ఆ రోడ్డు బురదే. 2023 మే చివర మంటలు దగ్గరికి వచ్చినప్పుడు ముసలివాళ్లు, పిల్లలతో సహా ఊరంతా పడవల్లో, విమానాల్లో బయటపడాల్సి వచ్చింది. డెల్టా మధ్య, నేషనల్ పార్కు పక్కన శాశ్వత రోడ్డు వేయాలా, వేస్తే ఎటు నుంచి అన్నది అక్కడి క్రీ, డెనే, మేటి ప్రజలే తేల్చాలి. వాళ్లు కావాలన్న రోజున డబ్బు లేదనడం మాత్రం న్యాయం కాదు.

ఫోర్ట్ మెక్‌ముర్రేకి రెండో దారి ఆలోచన కొత్తదేం కాదు. పడమరగా పీర్‌లెస్ లేక్ వరకు 686 హైవేని కలిపితే అక్కడి నుంచి 88వ హైవే ఎక్కొచ్చు. 200 కిలోమీటర్లకు పైగా అడవి, మస్కెగ్ అనే ఊబి నేల. ఖర్చు భారీగానే అవుతుంది, ఒప్పుకుంటాను. కానీ దేశానికి ఇంత చమురు పంపే ఊరికి బయటపడే రెండో దారి ఇవ్వలేమంటే ఎలా ఒప్పుకుంటాం? 63ని నాలుగు లైన్లు చేసే పని కూడా ఏళ్ల తరబడి నత్తనడకే నడిచింది. 2012 ఏప్రిల్‌లో ఒకే ప్రమాదంలో ఏడుగురు చనిపోయాక జనం గట్టిగా నిలదీశారు, 2016కి పూర్తయింది.

హైవేలు ప్రావిన్స్ (అంటే రాష్ట్ర) ప్రభుత్వం చేతిలో ఉంటాయి. ఎడ్మంటన్, క్యాల్గరీల్లో ఓటు హక్కున్న తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు. పండగ సభలకు ఎమ్మెల్యేలను పిలిచి శాలువాలు కప్పుతుంటాం కదా, ఈసారి 686 పని ఎప్పుడు మొదలవుతుందో వాళ్లను అక్కడే అడగండి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
ఫోర్ట్ మెక్‌ముర్రే, ఆల్బర్టా